పగలు బాగానే ఉంటుంది, లైటు తీస్తే చాలు మాయమైపోతుంది!

ప్రశ్న: మా బాబుకి ఏడు నెలలు నిండాయి. మొన్నటిదాకా మా గదిలోనే పడుకునేవాడు. పది రోజులుగా పక్క గదిలో పడుకోబెడుతున్నాం. వాడి మంచం కమ్మీకి వైఫై కెమెరా బిగించి ఫోన్లో చూసుకుంటున్నాం. పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి లైటు తీసిన కాసేపటికి ‘ఆఫ్‌లైన్’ అంటుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. వచ్చినప్పుడైనా పొగమంచులో చూసినట్టే ఉంటుంది. ఒక రాత్రి బాబు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, నా ఫోన్ మోగనే లేదు. మా తోటికోడలు తన పిల్లలకి వాడిన పాత మానిటర్ ఇచ్చింది. అందులో కెమెరా లేదు, మాట మాత్రమే వినిపిస్తుంది. కానీ ఆన్ చేస్తే చెవులు చిల్లులు పడేలా కూత పెడుతోంది. మా వారికేమో ఆ కెమెరాలోంచి బయటివాళ్లెవరైనా చూస్తున్నారేమోనని అనుమానం. నాకు అసలు నిద్రే లేదు. వాడి పొట్ట కదులుతోందా లేదా అని ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చుంటున్నాను. ఆక్సిజన్ కొలిచే సాక్సు ఒకటి ఉంటుందట, అది కొందామంటున్నారు అత్తయ్య. ఏం చేయమంటారు?
– ఓ తల్లి

సమాధానం: మీరు అడగని సంగతి ఒకటి ముందు చెప్పేస్తాను. కెమెరాని మంచం కమ్మీకి బిగించామన్నారు కదా, ఈ పూటే విప్పేయండి. నాకు భయం కెమెరా మీద కాదు, దాని వెనక వేలాడే తీగ మీద. మెడకి తీగ చుట్టుకుని పసిపిల్లలు చనిపోయిన ఘటనలున్నాయి. అందుకే అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ మానిటర్‌నీ, దాని తీగనీ పిల్లల మంచానికి కనీసం 3 అడుగుల దూరంలో ఉంచమని చెబుతుంది. తీగ మంచం వెనకే ఉంది కదా, అందదులే అనుకోకండి. ఇవాళ బోర్లాపడే పిల్లాడు ఇంకో నెలకో రెండు నెలలకో కమ్మీ పట్టుకుని లేచి నిలబడతాడు. అప్పుడు వాడి చెయ్యి ఎంత దూరం పోతుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. కెమెరాని గోడకి ఎత్తుగా బిగించి తీగని గోడ వెంబడే క్లిప్పులతో దించండి. ప్లగ్గు దగ్గర మిగిలిన తీగ చుట్ట కూడా వాడికి అందని చోట ఉండాలి.

ఇక మీరడిగిన దాంట్లోకి వద్దాం. పగలు బాగుండి చీకటి పడ్డాక ఆగిపోతోందన్న ఒక్క మాటతోనే జబ్బు సగం పట్టుబడింది. అందరూ ముందు వైఫైని తిడతారు. నాకైతే అనుమానం అడాప్టర్ మీద, కేబుల్ మీద.

ఇవాళ రాత్రి లైటు తీసేటప్పుడు కెమెరా దగ్గర చెవి పెట్టి వినండి. రెండు మూడు సెకన్లకి లోపల ‘టిక్’ మని చిన్న చప్పుడవుతుంది. పగటి పూట రంగులు సరిగ్గా రావడానికి లెన్సు వెనక పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని ఆపే చిన్న గాజుబిళ్ల అడ్డంగా ఉంటుంది. చీకటి పడగానే అది పక్కకి జరుగుతుంది, ఆ చప్పుడే మీరు వినేది. వెంటనే కెమెరా చీకట్లో చూడటానికి ఆ పరారుణ కాంతినే ఇచ్చే, లెన్సు చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు వెలుగుతాయి. కొన్ని కెమెరాల్లో అవి ఆరిపోతున్న నిప్పురవ్వల్లా సన్నగా ఎర్రగా కనిపిస్తాయి, అవి 850 నానోమీటర్ల రకం. 940 నానోమీటర్ల రకమైతే కంటికి ఏమీ కనబడదు. రకం ఏదైనా ఆ క్షణం నుంచి కెమెరా తాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. పగలు ఎలాగో నెట్టుకొచ్చిన నీరసపు అడాప్టర్ అక్కడ చతికిలబడుతుంది. కెమెరా ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, కాసేపు నడుస్తుంది, మళ్లీ పడిపోతుంది. మీ ఫోన్లో కనిపించే ‘ఆఫ్‌లైన్’ కథ ఇదే అయ్యుండాలి.

తేల్చుకోవడం తేలికే. రేపు మధ్యాహ్నం బాబు గదిలో లేనప్పుడు కర్టెన్లు వేసి చీకటి చేయండి. యాప్‌లో ‘నైట్ మోడ్’ని ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టే వీలుంటే ఇంకా మంచిది. ‘టిక్’ మన్న తరవాత ఆగిపోతే కారణం కరెంటే. అలాగే ఒక రాత్రి గదిలో లైటు వేసే ఉంచి చూడండి, అప్పుడు కెమెరా నిలకడగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. కెమెరా మీద రాసి ఉన్న అంకెల్నీ అడాప్టర్ మీద ఉన్నవాటినీ పక్కపక్కన పెట్టి చదవండి. కెమెరా 5 వోల్టులు, 2 ఆంపియర్లు అడుగుతుంటే మీరు ఏదో పాత ఫోన్ ఛార్జర్, 1 ఆంపియర్‌ది తగిలించి ఉండొచ్చు. వోల్టులు అచ్చంగా కలవాలి, ఆంపియర్లు అడిగినంత ఉండాలి, ఎక్కువున్నా నష్టం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నేను కెమెరాని దూరం జరపమన్నాను కాబట్టి మీరు పొడుగాటి యూఎస్‌బీ కేబుల్ కొందామనుకుంటారు. సన్నటి తీగలున్న 3 మీటర్ల కేబుల్లో ఒక ఆంపియర్ పారితే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. బయల్దేరిన అయిదు వోల్టుల్లో కెమెరాకి అందేది నాలుగే. అప్పుడు కొత్త అడాప్టర్ పెట్టినా పాత పాటే. కెమెరాతో వచ్చిన కేబులే వాడండి. అది చాలకపోతే ప్లగ్గు పాయింటునే కెమెరా దగ్గరికి తెచ్చుకోండి, అంటే ఎక్స్‌టెన్షన్ బోర్డుని గోడకి ఎత్తుగా బిగించుకోండి. కేబులే మార్చక తప్పకపోతే లావుపాటిది, వీలైనంత పొట్టిది చూడండి.

అడాప్టర్ సరిగ్గా ఉన్నా ఆగుతూనే ఉందంటే అప్పుడు వైఫై దగ్గరికి వెళదాం. కెమెరాని అదే అడాప్టర్‌తో తీసుకెళ్లి రౌటర్ పక్కన పెట్టి ఒక రాత్రి నడపండి. అక్కడ ఆగకపోతే దూరమో గోడలో కారణం. వైఫైకి సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి, చాలా కెమెరాలు 2.4 మీదే పనిచేస్తాయి. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లూ ఆ దారిలోనే తిరుగుతుంటాయి, రాత్రి అందరూ ఇంట్లో ఉండే వేళకి ఆ దారి కిక్కిరిసిపోతుంది. రౌటర్ సెట్టింగుల్లో ఛానెల్ ‘ఆటో’ అని ఉంటే 1, 6, 11లలో ఏదో ఒకదానికి మార్చి చూడండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. పాలు వేడిచేసే రెండు నిమిషాలూ బొమ్మ ఆగిపోతోందంటే దొంగ అక్కడే ఉన్నాడు. ఇనప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి లాంటివి రౌటర్‌కీ కెమెరాకీ మధ్య పడకుండా చూసుకోండి. నీళ్లు రేడియో తరంగాల్ని మింగేస్తాయి, ఇనుమూ అద్దం వెనక పూతా వాటిని వెనక్కి కొట్టేస్తాయి. డబ్బా మీద 300 మీటర్లు అని రాసి ఉంటే అది ఖాళీ మైదానం లెక్క, గోడలున్న ఇంటికి అది వర్తించదు.

కెమెరాని మళ్లీ మొదటి నుంచి కలపాల్సి వస్తే చాలామంది ఒక చోట ఇరుక్కుంటారు. రౌటర్ 2.4నీ 5నీ ఒకే పేరుతో చూపిస్తుంటే ఫోన్ వెళ్లి 5లో కూర్చుంటుంది, కెమెరాకేమో ఆ దారే తెలియదు. ఆ కాసేపూ రౌటర్లో 5 గిగాహెర్ట్జ్‌ని ఆపేసి, కెమెరాని కలిపి, తరవాత మళ్లీ వేసుకోండి.

పొగమంచు సంగతి చిన్నదే. కెమెరా ముందు దగ్గరలో ఏదో ఉంది, దాని మీద పడిన పరారుణ కాంతి తిరిగి లెన్సులోకే కొడుతోంది. దోమతెరో, మంచం కమ్మీయో, కెమెరా ఆనించిన గోడ అంచో అయ్యుంటుంది. కమ్మీకే బిగించారు కాబట్టి కమ్మీనే అనుకుంటాను. కెమెరాని గోడ మీదికి మార్చితే అదే పోతుంది. లెన్సు మీద వేలిముద్ర ఉన్నా ఇలాగే ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. గాజు వెనక నుంచి చూపించే ప్రయత్నం మాత్రం చేయకండి, అద్దంలో కెమెరా తన ఎల్‌ఈడీల్ని తానే చూసుకుంటుంది.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా పట్టుకున్న వాక్యం ‘ఫోన్ మోగనే లేదు’ అన్నది. వైఫై కెమెరాల్లో నాకు నచ్చని గుణం ఒకటుంది. అవి చెడిపోయినప్పుడు కూడా నిశ్శబ్దంగానే ఉంటాయి. కరెంటు పోయిందనుకోండి, రౌటర్ ఆరిపోతుంది, కెమెరా ఆరిపోతుంది, మీ ఫోన్ మాత్రం హాయిగా మౌనంగా ఉంటుంది. మీరేమో బాబు నిద్రపోతున్నాడనుకుంటారు. మా రెండో అమ్మాయి చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం రెండు గంటలు ఇల్లంతా ప్రశాంతంగా ఉందని మురిసిపోయి బట్టలన్నీ మడతపెట్టేశాను. తీరా చూస్తే మానిటర్ వాల్యూమ్ సున్నాలో ఉంది. దాన్ని పెద్దది ఆడుకుంటూ తిప్పేసింది. చిన్నది మంచంలో కూర్చుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను.

మీ ఫోన్లో రెండు మూడు చోట్ల చూడాలి. బ్యాటరీ ఆదా కోసం ఫోన్లు కాసేపు వాడని యాప్‌లని నిద్రపుచ్చేస్తాయి. ఆ కెమెరా యాప్‌కి మాత్రం బ్యాటరీ సెట్టింగుల్లో మినహాయింపు ఇవ్వండి. రాత్రిపూట తనంతట తాను మొదలయ్యే ‘డు నాట్ డిస్టర్బ్’లో కూడా దానికి అనుమతి ఉండాలి. రింగ్ వాల్యూమ్ వేరు, నోటిఫికేషన్ వాల్యూమ్ వేరు, వీడియోల వాల్యూమ్ వేరు కాబట్టి మూడూ చూసుకోండి. యాప్ తెరిచి ఫోన్ పక్కన పెడితే తెర ఆరగానే మాట కూడా ఆగిపోయే రకాలున్నాయి, దానికి యాప్‌లో వేరే మీట ఉంటుంది. ఇవన్నీ చేశాక పరీక్షించే పద్ధతి కూడా ముఖ్యం. ఫోన్ లాక్ చేసిన వెంటనే చప్పట్లు కొట్టి చూసి ‘మోగింది’ అని సంతోషించకండి. ఫోన్‌ని అరగంట ముట్టుకోకుండా వదిలేయండి, అప్పుడు మీ వారిని ఆ గదిలో బాబు ఏడుపు రికార్డు ఒకటి వినిపించమనండి. యాప్ నిద్రలోకి జారుకునేది ఆ అరగంటలోనే.

అందుకే రాత్రికి నమ్ముకోవాల్సింది మీ తోటికోడలు ఇచ్చిన సెట్‌నే అంటాను, ముందు దాని కూత మాన్పించగలిగితే. ఆ కూతకి కారణం పెద్దదేమీ కాదు, బిడ్డ దగ్గరుండే మైకు ముక్కనీ మీ దగ్గరుండే స్పీకర్ ముక్కనీ ఒకే గదిలో పెట్టి ఆన్ చేసి ఉంటారు. మైకు విన్నది స్పీకర్ పలుకుతుంది, స్పీకర్ పలికింది మైకు వింటుంది, అలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని అరుపుగా మారుతుంది. సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు స్పీకర్ ముందుకొస్తే వినిపించేది ఇదే. ఒకదాన్ని బాబు గదిలో, ఇంకోదాన్ని మీ గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేసి, వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టండి. రెండు గదుల తలుపులూ ఎదురెదురుగా తెరిచి ఉంటే కొంచెం పక్కకి తిప్పండి.

ఆ సెట్ వెనక ‘డెక్ట్’ అని రాసుందేమో చూడండి. ఉంటే మీ అదృష్టం. ఆ రకం డిజిటల్‌ది. మన వైఫై రద్దీతో దానికి సంబంధం లేదు, 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర తన దారిన తాను పోతుంది. అలాంటి సెట్లలో దాదాపు అన్నీ రెండు ముక్కల మధ్య లంకె తెగిపోగానే మీ దగ్గరున్న ముక్కలోంచి ‘బీప్ బీప్’ అని మొత్తుకుంటాయి. నాకు కావలసింది ఆ మొత్తుకోవడమే. నిజంగా మొత్తుకుంటుందో లేదో బాబు దగ్గరి ముక్క ప్లగ్గు పీకి ఒకసారి చూసుకోండి. డెక్ట్ కాక మరీ పాత అనలాగ్ రకమైతే అదే పౌనఃపున్యంలో (ఫ్రీక్వెన్సీలో) ఉన్న పక్కింటి సెట్‌లో మీ మాటలు వినిపించవచ్చు, వాళ్లవి మీకూ వినిపించవచ్చు. అలాంటిదాన్ని పక్కన పెట్టేయడమే నయం. వేరే దేశం నుంచి తెచ్చిందైతే అడాప్టర్ ఎన్ని వోల్టుల కరెంటుకి తయారైందో చదవకుండా ప్లగ్గులో పెట్టొద్దు. డెక్ట్‌కి యూరప్‌లో, అమెరికాలో వేర్వేరు పౌనఃపున్యాలు కేటాయించారు కాబట్టి అది మీరున్న చోట వాడదగినదో కాదో కూడా చూసుకోవాలి.

పాత సెట్‌లో బ్యాటరీ గంటకే దిగిపోతుంటే సెట్ పాడైందనుకోకండి, లోపలి రీఛార్జబుల్ బ్యాటరీలు ముసలివైపోయి ఉంటాయి. అదే రకం కొత్తవి వేస్తే సరి. ఛార్జింగ్ అయ్యే సెట్‌లో మామూలు బ్యాటరీలు మాత్రం వేయొద్దు, కారిపోతాయి, పగలనూవచ్చు. రాత్రంతా ప్లగ్గులో ఉంచి, బ్యాటరీని కరెంటు పోయినప్పటి కోసం అట్టిపెట్టుకోండి.

మీ వారి అనుమానాన్ని తీసిపారేయను. నిజానికి ఈ వస్తువు పుట్టిందే భయంలోంచి. 1932లో అమెరికాలో పేరున్న విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డని ఎత్తుకుపోయి చంపేశారు, దేశమంతా అట్టుడికిపోయింది. ఆ తరవాత 1937లో జెనిత్ రేడియో కంపెనీ ‘రేడియో నర్స్’ అని ఒకటి తెచ్చింది. శిల్పి ఇసాము నొగుచి దానికి బేకలైట్‌తో తల ఆకారం తీర్చాడు. అది బిడ్డ గదిలోని చప్పుడుని ఇంటి కరెంటు తీగల గుండానే పక్క గదికి మోసేది. అప్పటి భయం కిటికీలోంచి వచ్చేవాడి గురించి, ఇప్పటి భయం ఇంటర్నెట్‌లోంచి వచ్చేవాడి గురించి. ఇప్పుడు కిటికీకి గొళ్లెం పెట్టుకోవడం మీ చేతిలోనే ఉంది. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఇవాళే మార్చండి, మీ మెయిల్‌కి వాడేది కాకుండా వేరేది పెట్టండి. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే అమల్లోకి వచ్చిందంటే ఆ బెడద ఎంతదో అర్థం చేసుకోవచ్చు. యాప్‌లో రెండంచెల తనిఖీ పెట్టుకోండి, అప్పుడు పాస్‌వర్డ్ తెలిసినా మీ ఫోన్‌కి వచ్చే కోడ్ లేకుండా లోపలికి రాలేరు. అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. యాప్‌లో ‘షేర్’ చేసిన ఖాతాల జాబితా తెరిచి, ఎవరెవరికి చూపిస్తున్నారో ఇంటిల్లిపాదీ కలిసి ఒకసారి చదువుకోండి. చుట్టాలెవరికో సరదాగా ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోతుంటుంది. కెమెరా ఎవరి దగ్గరైనా వాడినది తీసుకుంటే ముందు రీసెట్ చేయాలి. ఇంటి బయట నుంచి చూడాల్సిన పని మీకు లేకపోతే, ఈసారి కొన్నప్పుడు ఇంటర్నెట్ అక్కర్లేని, సొంత తెరతో వచ్చే రకం కొనుక్కోండి. మీ వారు ప్రశాంతంగా నిద్రపోతారు.

ఇక మీ నిద్ర. రాత్రంతా పొట్ట కదులుతోందా అని చూస్తున్నారంటే ఆ యంత్రం తిరగబడి మిమ్మల్ని కాపలా పెట్టింది. ఈ వయసు పిల్లలకి ఇంచుమించు 50, 60 నిమిషాలకొక నిద్ర చక్రం ముగుస్తుంది. ఆ మలుపులో మూలుగుతారు, కాళ్లు కొడతారు, చిన్నగా ఏడుస్తారు, కళ్లు కూడా తెరుస్తారు, ఎవరూ రాకపోతే చాలాసార్లు మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న చప్పుడుకి స్పందించాలో చెప్పే మీట, పైకి పెట్టిన మానిటర్ ఆ ప్రతి మలుపునీ మీ చెవిలో ఊదుతుంది. మీరు వెళ్లి ఎత్తుకుంటారు, సగం నిద్రలో ఉన్నవాడు పూర్తిగా లేచి కూర్చుంటాడు. సెన్సిటివిటీని మధ్యకి దించండి. నిజమైన ఏడుపు మధ్యలో ఉన్నా వినిపిస్తుంది. తెర ఆర్పేసి మాట ఒక్కటే ఉంచుకోండి. చప్పుడు వచ్చాక ఒకటి రెండు నిమిషాలు వినండి, ఏడుపు పెరుగుతుంటే వెళ్లండి.

సాక్సు సంగతి. అత్తయ్యగారిది ప్రేమే, కాదనను. కానీ నిద్రలో హఠాత్తుగా జరిగే మరణాల్ని తప్పించడానికని ఇంట్లో ఇలాంటి పరికరాలు వాడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లో కూడా చెప్పింది. సాక్సు జారితే చాలు అర్ధరాత్రి అలారం మోగుతుంది, మీ గుండె ఆగినంత పనవుతుంది. మోగనంత సేపూ ‘అంతా బాగుంది’ అన్న ధీమా వస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఆ సూచనల్లో పనికొచ్చేవి చాలా మామూలువి. ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టిగా చదునుగా ఉండే పరుపు, మంచంలో దిండూ దుప్పటీ బొమ్మా ఏమీ లేకపోవడం. కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలో, వేరే మంచం మీద పడుకోబెట్టమని కూడా అందులో ఉంది, అది మీరు చేశారు. పక్క గదికి మార్చినందుకు మీకు మనశ్శాంతి లేకపోతే ఇంకో రెండు నెలలు మళ్లీ మీ గదిలోకి తెచ్చేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. నెలలు తక్కువగా పుట్టిన పిల్లలకి డాక్టరే మానిటర్ రాసిస్తే అది వేరే విషయం, ఆయన చెప్పినట్టే వాడాలి. పెదాలు నీలంగా మారడం, ఊపిరి ఇరవై సెకన్ల పాటు ఆగడం, ఒళ్లు వేలాడేయడం లాంటివి ఎప్పుడు కనిపించినా ఏ యాప్‌లోనూ చూస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లిపోవాలి.

కెమెరాని గోడకి మార్చి, దానితో వచ్చిన కేబుల్‌తో, తగిన అడాప్టర్‌తో మూడు రాత్రులు నడిపి చూడండి. అప్పటికీ ఆగుతుంటే ‘టిక్’ మన్న ఎన్ని సెకన్లకి ఆగుతోందో, మళ్లీ రావడానికి ఎంతసేపు పడుతోందో కాగితం మీద రాసుకుని, అడాప్టర్ మీది అంకెలతో సహా నాకు పంపండి.